భట్టీ ఆర్పుకున్న కణం

జూన్ 9

పిట్టా,

వదిన ఉత్తరం రాసిందేమిటి, సూర్యుడు పడమట పొడిచాడా అనుకుంటున్నావు కదూ. ఏం చెయ్యను, ఫోన్ మంచం పక్కన ఉంది, మంచం మీద మీ అన్నయ్య ఉన్నారు. నీతో నేనేం మాట్లాడినా చెవి ఇటే వేసి ఉంచుతారు. అందుకని మధ్యాహ్నం బేరాలు లేని వేళ బేకరీ కౌంటర్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద పిండి ఉంటే దులుపుకుని చదువుకో.

పోయిన నెలలో, నువ్వు వచ్చి వెళ్ళిన తర్వాత, ఆయనకు జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాను గుర్తుందా? ఒళ్ళునొప్పులు, కాస్త కడుపులో గడబిడ, అంతే. ఆ జ్వరంతోనే భట్టీ ముందు నిలబడ్డారు. పడుకోమంటే వినే రకమా, మీ ఇంటి మొండితనం నీకు నేను చెప్పాలా. జ్వరం పోయింది, అందరం మరిచిపోయాం. ఇప్పుడు చూస్తే పిండి బస్తా దించుతూ మధ్యలోనే కూలబడ్డారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదంటారు, దిండ్లు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నారు. పాదాలు వాచాయి.

గుండె డాక్టరు మిషన్ పెట్టి చూశాడు. ఏదో వైరస్ గుండె కండరంలో దిగిందట, గుండె సగం బలంతోనే కొట్టుకుంటోందట. కొందరికి నయమవుతుంది, చూద్దాం అన్నాడు. అడగాల్సినవన్నీ నాకు బయటికొచ్చి చెప్పులేసుకున్నాక గుర్తొచ్చాయి.

నువ్వు పొద్దస్తమానం లాబ్‌లో ఆ వైరస్ పురుగులతోనే కదా కాపురం చేసేది. నువ్వు చెప్పు. జ్వరం తెచ్చేది జ్వరం తెచ్చి పోక, గుండె జోలికెందుకు వచ్చింది? లోపలికి వెళ్ళి ఏం చేసింది? నాకు అర్థమయ్యేటట్టు రాయి, పెద్ద చదువుల మాటలు మీ మేడమ్‌కి దాచిపెట్టు. జవాబు కొట్టు చిరునామాకే పంపు.

నీ మేనకోడలు పాపను ఈ నెల బడిలో వేస్తున్నాం. ఇంకా అక్షరాలు కుదరలేదు, ఒక్క 'అ' రాయడానికి పలక మొత్తం కావాలి దానికి.

పిండి చేతుల
నీ వదిన

జూన్ 16

వదినా,

నీ ఉత్తరం మీద నిజంగానే పిండి ఉంది. మా లాబ్ తలుపు బయట నిలబడి చదివాను. లోపలికి బయటి కాగితాలు తీసుకెళ్ళకూడదు. చదివాక చాలాసేపు లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

నీకు అర్థమయ్యేటట్టు చెప్పడం కష్టం కాదులే. మన ఒంట్లో ఒక్కో కణం ఒక్కో బేకరీ అనుకో. అందులో వేసే రొట్టెలే ప్రొటీన్లు. గుండె కండరం ముడుచుకోవాలన్నా, అరిగిన చోట కొత్తది పెట్టుకోవాలన్నా అవి కావాలి, రోజూ తాజాగా వేస్తూ ఉండాలి. ఏ రొట్టె వెయ్యాలో కణం మధ్యలో ఉన్న ఆఫీసు గది నుంచి చీటీలు వస్తాయి. అన్నయ్య మీ కొట్లో పెట్టిన పద్ధతే అక్కడా నడుస్తుంది. చీటీ నెత్తిన గుండ్రటి ముద్ర ఉంటేనే అది భట్టీ దాకా వెళ్తుంది. ముద్ర లేని చీటీని మీ భట్టీ దగ్గరి చీటీల మామ వేలితో కూడా ముట్టుకోడు కదా. ఒక చేత్తో ముద్ర ఉన్న చీటీ, ఇంకో చేత్తో భట్టీ తలుపు, రెంటినీ కలిపేది ఆయనే. కణంలో కూడా అలాంటి మామ ఒకడున్నాడు.

వైరస్ లోపలికి వచ్చేటప్పుడు భట్టీ మోసుకురాదు, పిండీ తెచ్చుకోదు. తెచ్చేది ఒక పొడవాటి చీటీ. దాని మీద ముద్ర ఉండదు. కానీ దాని మడతల్లో ఒక కిటుకుంది, ముద్రతో పని లేకుండా భట్టీని నేరుగా పట్టేసుకుంటుంది. అలా మొదట వేయించుకునే సరుకులో ఒక కత్తెర ఉంటుంది. ఆ కత్తెర మామను నడుము దగ్గర రెండు ముక్కలు చేస్తుంది. చీటీ పట్టుకున్న చెయ్యి ఒకవైపు, భట్టీ పట్టుకున్న చెయ్యి ఇంకోవైపు. ఇక కణం రాసిన చీటీలు ముద్రలతో సహా మూల పడి ఉంటాయి. భట్టీ మండుతూనే ఉంటుంది, పిండి ఉంటుంది, వేసేదంతా దొంగ సరుకే. ఆ సరుకు నిండిపోయి కణం పగిలిపోతుంది, దొంగ పక్క కణంలోకి పోతాడు.

నేను చేసే పని ఇదే వదినా. వైరస్ పడ్డ కణాల్లో గంట గంటకీ కొత్తగా ఏ ప్రొటీన్లు తయారవుతున్నాయో ఎక్స్‌రే లాంటి ఫిల్ము మీద నల్లటి గీతలుగా వస్తుంది, గంటకో వరుస. మొదటి వరుసలో దువ్వెన పళ్ళంత దగ్గరగా బోలెడు గీతలుంటాయి. తర్వాతి వరుసల్లో పలచబడుతూ పోతాయి. ఆఖరి వరుసకి వచ్చేసరికి కణానివి కనిపించవు, వైరస్‌వి కొన్ని మాత్రం ముదురుగా నిలబడతాయి. బాగా వచ్చిన ఫిల్ము చూసి నేను గంతులేసేదాన్ని. ఈ వారం ఒకటి చాలా బాగా వచ్చింది. చూడలేక కవర్లో పెట్టేశాను.

ఒక్క మంచి సంగతి చెప్తాను. దొంగ పడ్డాడని పసిగట్టిన కణం కొన్నిసార్లు తన భట్టీ తనే ఆర్పేసుకుంటుంది. ఇక ఎవరి చీటీ ఆడదు, దొంగదీ ఆడదు, తనదీ ఆడదు. చుట్టుపక్కల కణాలకు జాగ్రత్త అని కబురు పంపి తను పోతుంది. పక్కవాళ్ళు బతుకుతారు. నా చదువు మొత్తంలో నాకు ఇంతకన్నా ఇష్టమైనది లేదు. కంటికి కనబడని కణానికి ఎంత పెద్ద మనసో చూడు.

గుండె కణాలు పోతే వాటి చోట కొత్తవి పుట్టడం చాలా తక్కువ, అక్కడ మచ్చ కడుతుంది. కానీ మిగిలినవి పుంజుకుంటే మనిషి లేచి తిరుగుతాడు. అలా తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. అన్నయ్య చేత ఉప్పు తగ్గించి తినిపించు, బస్తాల జోలికి పోనివ్వకు, మాత్రలు దగ్గరుండి మింగించు. ఇది ఆడపడుచు పెత్తనం, మారు మాట్లాడకు.

నీ
పిట్ట

జూన్ 27

ఆడపడుచు గారికి,

మీ పెత్తనం అందింది. ఉప్పు తగ్గించాను. ఇంట్లో అందరికీ తగ్గించాను, నా ప్రాణం ఉసూరుమంటోంది.

నీ ఉత్తరం చీటీల మామకు చదివి వినిపించాను. నడుము తడుముకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళ నుంచి ఈ కొట్లో పనిచేస్తున్నాను, చిన్నమ్మ నన్నే ఎందుకు నరికించింది, పిండి కలిపేవాడు దొరకలేదా అని పొద్దుటి నుంచి గొణుగుతున్నాడు. ముద్ర లేని చీటీ వస్తే ఇప్పుడు వెలుతురులో పెట్టి మరీ చూస్తున్నాడు.

నాకు మాత్రం విషయం బుర్రకెక్కింది. ఏదో చెడింది, ఏదో వాచింది అంటే భయంగా ఉండేది. ఇప్పుడు కళ్ళకు కట్టినట్టుంది, భయం పోయి కోపం వస్తోంది. మన పిండి, మన నిప్పు, ఎవడి సరుకో వెయ్యడం ఏమిటి?

మీ అన్నయ్య కాస్త తేలికపడ్డారు. వాపు తీసింది. మధ్యాహ్నం పూట వచ్చి కౌంటర్ దగ్గర కూర్చుంటున్నారు, నేను ఆ కాసేపు నడుము వాలుస్తున్నాను. నిన్న పాపకు పిండిముద్దతో పిల్లి బొమ్మ చేసిచ్చారు, అది కాల్చి పెట్టమని ఒకటే గోల. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే పక్క గదిలో పడుకుని విన్నాను.

పిట్ట ఎప్పుడొస్తుందట అని అడుగుతున్నారు. నేనేం చెప్పను? నువ్వు నాలుగు పేజీలు రాశావు, వస్తున్నానన్న మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఎదురుచూసే
నీ వదిన

జూలై 4

వదినా,

అన్నయ్య కూర్చుంటున్నాడంటే ప్రాణం లేచొచ్చింది. మామకు నా తరఫున క్షమాపణలు చెప్పు. వచ్చే ఉత్తరంలో పిండి కలిపేవాణ్ణి నరికిస్తాను.

నా అద్దె గదిలో కిటికీ రెక్క ఊడింది, ఇంటావిడ ఇదిగో అదిగో అంటోంది. గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పాత కాటా రాయి ఒకటి పెట్టుకున్నాను. చిన్నప్పుడు బస్తాలు తూచే కాటా మీద అన్నయ్య నన్ను కూర్చోబెట్టి, ముల్లు కదలకపోతే "ఇది పిల్ల కాదు, పిట్ట" అన్నాడు చూడు, ఆ కాటాది. వస్తూ వస్తూ కాజేసుకొచ్చాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

వదినా, నేను ఇప్పుడు రాలేను. ఎందుకని అడగకు. నేను రాకపోవడమే అన్నయ్యకు మంచిది. నీకు కోపం వస్తుందని తెలుసు. పని ఎక్కువగా ఉందని ఆయనతో చెప్పు.

పిట్ట

జూలై 14

పిట్టా,

పని ఎక్కువగా ఉందని చెప్పాను. "ఉండనీ, పెద్ద పని" అన్నారు. నీ గురించి ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే, ఎందుకంటే ఇప్పుడు ఆయన నాతో దేని గురించీ మాట్లాడటం లేదు.

మంచం పిండి గదిలో వేయించుకున్నారు. బస్తాల మధ్య, కిటికీ కూడా సరిగ్గా లేని గదిలో. పళ్ళెం, గ్లాసు వేరు చేసుకున్నారు, ఆయాసపడుతూ తనే కడుక్కుంటున్నారు. దుప్పటి నన్ను ముట్టుకోనివ్వరు. వీపు నొక్కుదామని వెళ్తే "వద్దు, అవతలికి పో" అంటారు. పెళ్ళైనప్పటి నుంచి నన్ను పో అన్న మనిషి కాదు.

నాకు ఒళ్ళు మండింది. చాకిరీ చేసి మాటలు పడాలా, నేనంటే అంత రోత పుట్టిందా అని కొట్లో వాళ్ళందరూ వినేటట్టు అరిచాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నన్నంటే సరే. పాపను గుమ్మం దాటనివ్వడం లేదు. అది గుమ్మం అవతల చతికిలబడి పలక చూపిస్తుంది, ఆయన దూరం నుంచే బాగుందంటారు. నిన్న "నాన్నా, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగారు.

అన్న ఇంట్లో ఉండి తలుపేసుకున్నాడు, చెల్లెలు వేరే ఊళ్ళో ఉండి రానంటోంది. మీ ఇంటివాళ్ళకి కష్టమొస్తే మనుషులు అడ్డమేమో. ముందే చెప్పి ఉంటే నేనూ అలవాటు చేసుకునేదాన్ని.

వదిన

జూలై 20

వదినా,

నన్ను ఇంకా నాలుగు తిట్టు, కానీ అన్నయ్యతో దెబ్బలాడకు. ఎప్పుడూ పనిలో ఉండే మనిషి మంచాన పడితే మనసు అలా ముడుచుకుపోతుంది. డాక్టరుతో చెప్పు, దానికీ మందులున్నాయి. నాకు తోచేది అంతే.

నా సంగతి ఇక దాచను. అన్నయ్య గుండెను దెబ్బతీసినదాని అక్కచెల్లెళ్ళనే నేను రోజూ పెంచుతున్నాను వదినా. చేతొడుగులు వేసుకుంటాం, వేరే కోటు వేసుకుంటాం, వచ్చేటప్పుడు అన్నీ అక్కడే వదిలేస్తాం. అయినా గోరు సందులో, వెంట్రుకల్లో ఏదైనా మిగిలితే? ఇంత దెబ్బతిన్న గుండె ముందుకు నేనెలా వస్తాను? ఇంకోటి చెప్తాను. నేను వచ్చి వెళ్ళాకే కదా అన్నయ్యకు జ్వరం వచ్చింది. నువ్వే రాశావు, నేను వచ్చి వెళ్ళిన తర్వాత అని. ఆ ముక్క చదివిన రోజు నుంచి నాకు మెతుకు సయించడం లేదు. ఆ రోజు భట్టీ దగ్గర ఆయన గ్లాసులోనే టీ తాగాను.

నువ్వు ఆ మాట కావాలనే రాశావేమోనని కూడా అనుకున్నాను. అయితే అయిందిలే, నువ్వు అనుకోవడంలో తప్పు లేదు.

పిట్ట

జూలై 28

ఒసేయ్ పిచ్చిదానా,

ఆ ముక్క నేను తేదీ గుర్తు కోసం రాశాను. నీ మీద అనుమానపడితే మొహం మీదే అడిగేదాన్ని, నాకు ఉత్తరంలో దాచి రాసేంత నేర్పు ఎక్కడిది? నువ్వు రావడానికి ముందు నుంచే మా వీధిలో పిల్లలందరికీ జ్వరాలు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది. అది నీకు చెప్పనేలేదు, చెప్పాలని తోచలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మొన్న నేను పిండి గది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. కారణం చెప్తేగాని లేవనన్నాను. చీటీల మామ వచ్చి బతిమాలినా లేవలేదు. చివరికి ఆయనే నోరు విప్పారు.

"కౌంటర్ సొరుగులో పిట్ట ఉత్తరం చదివాను. దొంగ పడ్డ కణం తన భట్టీ తనే ఆర్పుకుంటుందట. పక్కవాళ్ళు బతుకుతారట. నా ఒంట్లో ఉన్నది నీకూ పాపకూ రాకూడదు. కణానికున్నపాటి బుద్ధి నాకుండదా?"

పిట్టా, నేనన్న మాట గుర్తొచ్చింది. రోత పుట్టిందా అని అరిచాను ఆయన్ని. ఆయన బస్తాల మధ్య పడుకుని మమ్మల్ని కాపాడుతున్నాననుకుంటున్నారు. పాప గుమ్మంలో కూర్చుంటే లేచొచ్చి ఎత్తుకోబుద్ధవుతుందట, అందుకే గోడ వైపు తిరుగుతారట.

అదేం లేదని నేను చెప్తే నమ్మరు. డాక్టరు చెప్పినా "ఆయనకేం తెలుసు, పిట్ట రోజూ కళ్ళతో చూస్తుంది" అంటున్నారు. నువ్వు రాస్తేనే వింటారు. ఆయన నుంచి మాకు ఇప్పుడు అంటుకుంటుందా, అంటుకోదా? ఉన్నదున్నట్టు రాయి. ఆలస్యం చెయ్యకు, మళ్ళీ పాదాలు వాస్తున్నాయి, నాలుగడుగులు వేస్తే పెదాలు నల్లబడుతున్నాయి.

నువ్వు గోరు సందు చూసుకుంటూ అక్కడ, ఆయన పళ్ళెం కడుక్కుంటూ ఇక్కడ. మీ అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే జబ్బు. మేం బాగుండాలని మాకు దూరం జరుగుతారు. మేం బాగున్నామా లేదా అని ఒకసారి మమ్మల్ని కూడా అడగరాదూ?

వదిన

ఆగస్టు 1

వదినా,

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది, ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది ఇప్పుడే రాసి పంపుతున్నాను. కింద రాసింది అన్నయ్యకు చదివి వినిపించు.

అన్నయ్యా, నీ గుండెలో ఇప్పుడు దొంగ ఉన్నాడనుకోకు. జ్వరం వచ్చి ఇన్ని వారాలైంది, వాడు చెయ్యాల్సింది చేసి పోయి ఉంటాడు. ఇప్పుడున్నది వాడు చేసిన నష్టం. నష్టం అంటుకోదు. పక్కన కూర్చుంటే, చెయ్యి పట్టుకుంటే, పాపను ఎత్తుకుంటే ఎవరికీ ఏమీ కాదు. అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి, అది బేకరీలో ఎలాగూ చేసేదే.

కణం సంగతి నేను నీకోసం రాయలేదు. నాకు నచ్చిందని, చదవడానికి బాగుంటుందని కాస్త రంగు వేసి రాశాను. పెద్ద మనసు అన్నాను. కణానికి మనసు లేదు అన్నయ్యా. దానికి పెళ్ళాం పిల్లలు ఉండరు. అది పోతే గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాళ్ళు లేరు. నీకున్నారు. వెంటనే ఆ గదిలోంచి బయటికి రా.

వదినా, ఇక నీకు. ఈ రోజు మా మేడమ్‌ను అడిగాను. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు, నాలో నేనే కుమిలిపోయాను. మేం పెంచే రకం అన్నయ్యకు వచ్చినది కాదట, పద్ధతిగా చేతులు కడుక్కుని బయటికొచ్చే మనిషి వల్ల భయం లేదట. "ఇది నెల కిందట ఎందుకు అడగలేదు?" అని ఆమే నా మీద కేకలేసింది. నిజమే, ఎందుకు అడగలేదో నాకు తెలియడం లేదు. శుక్రవారం బండికి బయల్దేరుతున్నాను.

పిట్ట

ఆగస్టు 24

వదినా,

ఇది నీకు మూడోసారి రాస్తున్న ఉత్తరం. మొదటి రెండూ చించేశాను.

నేను శుక్రవారం రావాల్సింది, కబురు విని గురువారమే రావలసి వచ్చింది. వచ్చి కూడా గుమ్మంలోనే నిలబడ్డాను. పాప నా వైపు నడిచి వస్తుంటే రెండడుగులు వెనక్కి వేశాను. నువ్వు చూశావు, నువ్వు చూడటం నేనూ చూశాను. సాయంత్రం బండికే వచ్చేశాను. మేడమ్ చెప్పింది నా తలకెక్కింది గానీ కాళ్ళకెక్కలేదు. అన్నయ్యను తీసుకెళ్తున్నప్పుడు కూడా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను.

నా ఉత్తరం ఆయనకు చేరిందా లేదా అని ఆ రోజు అడుగుదామనుకున్నాను. అడగకుండానే బండెక్కాను. చేరలేదంటే నేనేం చెయ్యాలి, చేరిందంటే నేనేం చెయ్యాలి? భట్టీ ఆర్పుకునే కణం గురించి నేను ఆ నాలుగు వాక్యాలు రాయకుండా ఉంటే అన్నయ్య ఆఖరి రోజులు మీ మధ్య గడిపేవాడు. బహుశా ఇంకా ఉండేవాడేమో.

నువ్వు ఉత్తరం రాయడం మానేశావు. నాకు అర్థమైంది. తిట్టడానికైనా రాయమని అడిగే హక్కు లేదు, అయినా అడుగుతున్నాను.

పిట్ట

సెప్టెంబరు 3

పిట్టా,

కోపంతో రాయలేదనుకున్నావు. కొట్టు తెరిచాను, అందుకని రాయలేదు. భట్టీ ముందు నిలబడేవాళ్ళు లేరు, నేనే నిలబడుతున్నాను. మొదటి రోజు రొట్టెలన్నీ మాడ్చాను. చీటీల మామ మాడిన వాటిని తీసుకెళ్ళి వెనకాల పారబోసి వచ్చాడు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు మేం ఆస్పత్రిలో ఉన్నాం, ఇంట్లో ఎవరూ లేరు. బుధవారం పొద్దున మామ కొట్టు దగ్గర నుంచి తెచ్చిచ్చాడు. ఆయనకు గొట్టాలు పెట్టి ఉన్నాయి, కానీ తెలివిగానే ఉన్నారు. నేను మంచం పక్కన నిలబడి చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. కణానికి పెళ్ళాం పిల్లలు ఉండరన్న ముక్క మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. కాస్త నవ్వారు.

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "గరుకైపోయిందేమిటి ఇంత" అన్నారు. అన్ని రోజుల తర్వాత నన్ను ముట్టుకుని ఆయన అన్నది అదే. నేను ఏడవలేదు, ఏడిస్తే వదిలేస్తారేమోనని భయం.

పాపను తీసుకురమ్మన్నారు. అది కిందే ఉంది, మామ పక్కన బల్ల మీద, ఉతికిన గౌను వేసుకుని. ఆ వార్డులోకి పిల్లల్ని రానివ్వరట. నర్సును అడిగాను, పెద్ద డాక్టరును అడిగాను. రేపు మామూలు వార్డుకి మారుస్తాం, అప్పుడు తీసుకురండి, కావలసినంతసేపు కూర్చోబెట్టుకోండి అన్నారు. ఆయనకు చెప్పాను. "సరే, రేపు" అన్నారు. ఆ రేపు ఆయనకు రాలేదు.

నీ మీద నాకు కోపం ఉందా అంటే ఉంది. కణం గురించి రాసినందుకు కాదు. డాక్టరును అడిగాను, ఆ గదిలో పడుకోవడం వల్ల గుండె చెడలేదట, అది ముందే చెడిపోయిందట, నా పక్కన పడుకున్నా అంతేనట. నీ ఉత్తరం ఆయన ప్రాణం తియ్యలేదు. ఆ కొన్ని రోజులు తీసింది. ఆయన వేలు పట్టుకుని పాప నిద్రపోవాల్సిన మధ్యాహ్నాలు తీసింది. అది నేను మరిచిపోతానని అబద్ధం చెప్పను. కానీ ఆ చదివిన మనిషి నన్నడగకుండా చదివాడు, నన్నడగకుండా మంచం మార్చాడు. చచ్చినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోను? అందుకని నువ్వు దొరికావు. నిజంగా కోపం వచ్చింది మాత్రం నువ్వు ఆ రోజు వెనక్కి వేసిన రెండడుగులకి.

ఇదంతా రాయడానికి కూర్చోలేదు. పాపకు నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. డాక్టరుకు చూపించాను, గొంతు ఎర్రబడింది, మామూలు జలుబు జ్వరమన్నాడు, గుండె కూడా విని చూశాడు. భయం లేదు. మందు వేసి పడుకోబెట్టి పక్కన వాలబోతే నన్ను తోసేసింది. ఉన్న బలమంతా పెట్టి రెండు చేతులతో తోసింది.

"దగ్గరికి రాకమ్మా. నీకంటుకుంటుంది" అంది.

గోడ వైపు తిరిగి పడుకుంది. నీళ్ళ గ్లాసు కింద పెట్టి వెళ్ళమంటుంది, నేను వెళ్ళాకే తాగుతుంది. ఏమీ కాదని ఎంత చెప్పినా వినడం లేదు. అత్త కూడా నన్ను చూసి వెనక్కి వెళ్ళింది కదా అంటోంది. వాళ్ళ నాన్నకైతే నువ్వు ఉత్తరం రాస్తే విన్నారు. దీనికి ఇంకా చదవడం రాదు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. బండెక్కు. దారిలో ఎక్కడా ఆగకు, గుమ్మంలో అసలు ఆగకు. వచ్చి దాన్ని ఎత్తుకో.

నీ వదిన